ముప్పై ఏళ్ళ అభిమానిని, ‘ద లాస్ట్ జెడై’ ఇంట్లో చూశాను: లోపం సినిమాదా, మా హాలుదా?

పాతక్యాసెట్టు (ఏప్రిల్ 2018)

అందరికీ నమస్కారం. చివరి దృశ్యం దాకా అన్నీ ప్రస్తావించక తప్పదు కనుక, స్టార్ వార్స్ వరుసలోని ఈ సినిమాను ఇంకా చూడనివారు ఇక్కడితో ఆగిపోవాలని మనవి.

నేను స్టార్ వార్స్ మొదటి సినిమాను 1988లో విజయవాడ గాంధీనగర్‌లో ఒక వీడియో లైబ్రరీ నుంచి రోజుకు పది రూపాయల అద్దెకు తెచ్చిన క్యాసెట్టులో చూశాను. క్యాసెట్టు ఆడించే వీసీపీ కూడా అద్దెదే. పద్నాలుగు అంగుళాల డయనోరా టీవీ ముందు చాప పరుచుకుని ఏడుగురు పిల్లలం కూర్చున్నాం. సంభాషణల్లో సగానికి సగం మాకు అర్థం కాలేదు, అయినా ఎడారిలో జంట సూర్యులు అస్తమిస్తుండగా కథానాయకుడు ల్యూక్ స్కైవాకర్ ఒంటరిగా నిలబడి చూసే చోట మాలో ఒక్కరూ కిమ్మనలేదు. 1980, 1983 నాటి భాగాలు కూడా ఆ టీవీలోనే చూశాను. 1999 నుంచి వచ్చిన ప్రతి భాగాన్నీ మాత్రం, బాగున్నా బాగాలేకపోయినా, థియేటర్లో మొదటి వారంలోనే చూస్తూ వచ్చాను.

ఈసారి ఆ ఆనవాయితీ తప్పింది. డిసెంబరులో సినిమా విడుదలయ్యే సమయానికి అమ్మ కంటి ఆపరేషన్ కోసం విజయవాడలో ఉన్నాను. టెక్సాస్‌కు తిరిగి వచ్చేసరికి మా ఊళ్ళో సినిమా వెళ్ళిపోయింది. ఎవరూ కథ చెప్పకుండా మూడు నెలలు చెవులు మూసుకుని తిరిగి, మార్చి 27న డిస్కు రాగానే కొనుక్కుని, ఆ శుక్రవారం రాత్రి పిల్లలు పడుకున్నాక, దీపాలు ఆర్పి, 55 అంగుళాల టీవీలో 152 నిమిషాలూ కదలకుండా చూశాను. పూర్తయ్యాక నాకు దుఃఖం కలగలేదు, సంతోషమూ కలగలేదు, ఏదో ఆఫీసు ఫైలు చదివి మూసిన భావన మాత్రమే మిగిలింది.

ముఖ్యంగా నన్ను బాధించింది ల్యూక్ పాత్ర. ముందు భాగం చివర రేయ్ అనే అమ్మాయి ద్వీపం అంతా ఎక్కివెళ్ళి, ల్యూక్ తండ్రి లైట్‌సేబర్‌ను (వెలుగుకత్తిని) అతనికి అందిస్తూ చేయి చాచి నిలబడుతుంది. ఆ ఒక్క క్షణం తరువాత ఏమవుతుందోనని రెండేళ్ళు ఎదురుచూశాం. ఈ సినిమాలో అతను దాన్ని అందుకుని, అరటితొక్క విసిరినట్టు భుజం మీదుగా వెనక్కి పారేసి వెళ్ళిపోతాడు. నా మనసు అక్కడే సినిమా నుంచి బయటకు వచ్చేసింది, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఇది సినిమా చేసిన తప్పా, ఇంట్లో చూడటం వల్ల వచ్చిన చిక్కా, లేక నాకు నలభై దాటిన ఫలితమా? మరొకసారి చూడమంటారా, చూస్తే ఎలా చూడమంటారు?

---

మూడోవరుస

పాతక్యాసెట్టు గారూ, ల్యూక్ సంగతి పెద్దలకు వదిలేసి మీ హాలు గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఇళ్ళలో తెరలు, స్పీకర్లు అమర్చడం నా వృత్తి.

ముందుగా తెర. ఈ సినిమా చట్రం వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు ఉంటుంది, మీ టీవీది 1.78 రెట్లే. అందువల్ల పైనా కిందా నల్లపట్టీలు వచ్చి, మీరు డబ్బు పెట్టి కొన్న తెరలో నాలుగో వంతు ఖాళీగా ఉంటుంది. ఇక మీ సోఫా ఎదుటి గోడకు ఆనించి పదకొండు అడుగుల దూరంలో ఉందని అనుకుంటే (చాలా ఇళ్ళలో అంతే ఉంటుంది), ఆ బొమ్మ మీ కంటికి సుమారు 20 డిగ్రీల మేర మాత్రమే కనిపిస్తుంది. థియేటర్లో మంచి సీటులో కూర్చుంటే దానికి రెట్టింపు ఉంటుంది. అదే 40 డిగ్రీలు మీ టీవీతో రావాలంటే అయిదున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. వినడానికి వింతగా ఉంటుంది కానీ లెక్క అదే. మీ పద్నాలుగు అంగుళాల టీవీ ముందు చాప మీద మీరు ఎంత దగ్గరగా కూర్చున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ క్యాసెట్టులో బొమ్మను టీవీకి సరిపెట్టడానికి పక్కలు కోసేసేవారు కనుక అసలు చట్రంలో 40 శాతానికి పైగా మీరు చూడనే లేదు, అయినా దగ్గరితనం ఆ లోటును కొంత పూడ్చింది.

రెండవది, టీవీలో కదలికలను నున్నగా చేసే సదుపాయం. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. సెకనుకు 24 చట్రాలతో తీసిన సినిమాకు మధ్యలో లేని చట్రాలను టీవీయే కల్పించి చేరుస్తుంది, దానితో కోట్ల డాలర్ల సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్‌లా తోస్తుంది. కొత్త టీవీల్లో అది చాలాసార్లు ముందే ఆన్ చేసి వస్తుంది. మీ ‘ఆఫీసు ఫైలు’ భావనలో దాని వాటా ఎంతో ఉందని నా అనుమానం.

మూడవది శబ్దం, నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే జరిగింది. పిల్లలు పడుకున్నాక చూశానన్నారు కనుక సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ పెట్టి ఉంటారు. అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్న శబ్దాలను పెంచుతుంది. ఈ సినిమాలో అడ్మిరల్ హోల్డో తన నౌకను కాంతివేగంతో శత్రువుల మహానౌక మీదికి నడిపించే ఘట్టం ఉంది కదా, అక్కడ సుమారు పది సెకన్ల పాటు శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. డిసెంబరులో అమెరికాలోని ఒక థియేటర్లో, అది యంత్రంలో లోపం కాదు, దర్శకుడు కావాలనే అలా చేశారు అని ప్రేక్షకులకు నోటీసు కూడా అంటించారు. అంతవరకూ గుండెల మీద మోగుతున్న శబ్దం ఒక్కసారిగా తెగిపోతే తప్ప ఆ నిశ్శబ్దానికి బలం ఉండదు. మోతను ముందే అణచివేశాక నిశ్శబ్దం వచ్చినా తెలియదు, పైగా వంటింట్లోని ఫ్రిజ్ ఆ పది సెకన్లూ పాడుతుంది.

థియేటర్ లేకపోతే ఈ సినిమాలు లేవనే వాదన కూడా నాది కాదు. థియేటర్లలో శబ్దం నాసిగా ఉంటోందని 1983లో టీహెచ్‌ఎక్స్ ప్రమాణాలను మొదలుపెట్టిన సంస్థ స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్‌దే, నిజమే. కానీ లైట్‌సేబర్ గుంజారవం ఎలా పుట్టిందో తెలుసా? శబ్దకారుడు బెన్ బర్ట్ పాత ప్రొజెక్టరు మోటారు హోరును, టీవీ పిక్చర్ ట్యూబ్ దగ్గర మైకు పట్టుకున్న జుమ్మనే రొదను కలిపి దాన్ని తయారుచేశారు. అంటే అందులో సగం థియేటర్, సగం మన ఇంటి టీవీ.

---

గోదారిగట్టు

మూడోవరుస గారు చెప్పినవన్నీ చేయండి, కానీ ల్యూక్ ఆయుధం విసిరేసిన బాధ టీవీని సవరిస్తే తీరేది కాదు.

మనం భారతం విన్నవాళ్ళం. మౌసల పర్వం గుర్తు చేసుకోండి. యాదవులు నశించాక ద్వారకలో మిగిలిన స్త్రీలను వెంటబెట్టుకుని అర్జునుడు బయలుదేరితే, దారిలో కర్రలు పట్టుకున్న ఆభీరులు వచ్చి పడతారు. కురుక్షేత్రంలో భీష్మకర్ణులను ఎదిరించిన వీరుడికి ఆనాడు గాండీవం ఎక్కుపెట్టడమే గగనమవుతుంది, దివ్యాస్త్రాలు స్ఫురణకు రావు, తరగని అమ్ములు తరిగిపోతాయి, కళ్ళ ముందే స్త్రీలను ఎత్తుకుపోతారు. తరువాత మహాప్రస్థానిక పర్వంలో అగ్నిదేవుడు అడ్డువచ్చి అడిగితే ఆ గాండీవాన్నీ అమ్ములపొదులనూ నీళ్ళలో విసిరేసి ముందుకు సాగుతాడు. అది విని ఎవరమూ అర్జునుడి పాత్రను పాడుచేశారని వ్యాసుణ్ణి గానీ తిక్కనను గానీ నిందించలేదు. ఆ రెండు పర్వాలనూ మన ఇళ్ళలో తక్కువగా చదువుతారన్నది వేరే సంగతి, యుద్ధం గెలిచిన వీరుడు ముసలివాడు కావడం చూడటం మనకు ఇష్టం ఉండదు.

ఇంకొక మాట. ల్యూక్ ఆయుధం విసరడం ఇది మొదటిసారి కాదు. 1983 నాటి సినిమాలో తండ్రి చేయి నరికాక, చంపేయమని చక్రవర్తి రెచ్చగొడుతుంటే, ఆకుపచ్చ లైట్‌సేబర్‌ను పక్కకు విసిరి ‘చీకటి వైపు ఎన్నటికీ మళ్ళను’ అని నిలబడ్డాడు. మనం అతన్ని వీరుడిగా గుండెల్లో పెట్టుకున్నది ఆ విసురుకే. అప్పుడు అది ధైర్యం, ఇప్పుడు నిరాశ, తేడా నిజంగానే ఉంది. అయితే చివర్లో క్రెయిట్ గ్రహం మీద అతను చేసేది చూడండి. తన మీదికి ఫిరంగులన్నీ గురిపెట్టిన సైన్యం ఎదుట ఒక్కడే నిలబడి, ఎవరినీ చంపకుండా, ఎవరికీ గాయం కూడా చేయకుండా, తనవాళ్ళు తప్పించుకుపోయే సమయం సంపాదిస్తాడు.

---

ఎర్రనేల

పెద్దల పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. గోదారిగట్టు గారి పోలిక అందంగా ఉంది కానీ సరిగ్గా కీలకమైన చోట అతకదు. అర్జునుడి శక్తి కాలం వల్ల పోయింది, అందులో అతని తప్పు లేదు. ల్యూక్ ఏం చేశాడు? నిద్రపోతున్న మేనల్లుడి మంచం పక్కన నిలబడి, క్షణకాలమే కావచ్చు, చంపుదామని లైట్‌సేబర్ వెలిగించాడు. భారతంలో నిద్రపోయేవాళ్ళ మీదికి ఆయుధంతో వెళ్ళినవాడు అశ్వత్థామ, అర్జునుడు కాదు. ఒక గ్రహాన్నే నాశనం చేసిన ముఠాలో నిలిచిన తండ్రిలోనూ మంచి మిగిలి ఉందని ప్రాణాలకు తెగించి నమ్మినవాడు, ఇంకా ఏ తప్పూ చేయని కుర్రవాడిలో చీకటి చూసి కత్తి తీస్తాడంటే నాకు మింగుడు పడదు. ఆ రాత్రిని సినిమా మూడుసార్లు మూడు రకాలుగా చెబుతుంది, ఆ నేర్పు మెచ్చుకోదగినదే, కానీ మూడో కథనం నిజమనుకున్నా నా అభ్యంతరం అలాగే ఉంటుంది. ల్యూక్ పాత్రధారి మార్క్ హామిల్ కూడా దర్శకుడు రియన్ జాన్సన్ తీసుకున్న నిర్ణయాలతో తాను ఏకీభవించలేదని బహిరంగంగానే అన్నారు, ఆ మాట బయట అనకుండా ఉండాల్సిందని తరువాత చింతించారు. పాతక్యాసెట్టు గారు ఒంటరివారు కారని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాను.

మధ్యలో రెండు పాత్రలు జూదశాలల నగరానికి వెళ్ళే ఘట్టం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో చూసేవారికి ఒక సౌకర్యం ఉంది, రిమోట్‌తో దాన్ని దాటించవచ్చు.

---

గోదారిగట్టు

ఎర్రనేల గారి అశ్వత్థామ దెబ్బ నాకు తగిలింది, ఒప్పుకుంటున్నాను. అయినా 1983లో చెల్లెలి పేరెత్తి బెదిరించగానే అదే ల్యూక్ కోపంతో ఊగిపోయి తండ్రిని చావుదాకా కొట్టాడు, ఆపై తనను తాను పట్టుకుని ఆగాడు. మంచం పక్కనా ఆగాడు. ఆగేలోపల పిల్లవాడు కళ్ళు తెరిచాడు, అంతే తేడా.

---

పాతక్యాసెట్టు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న శనివారం మధ్యాహ్నం రెండోసారి చూశాను. మూడోవరుస గారి ఊహ నిజమే, సోఫా పదకొండు అడుగుల దూరంలోనే ఉంది, నైట్ మోడ్ ఉంది, కదలికలను నున్నగా చేసేదీ ఆన్‌లోనే ఉంది. ఆ రెండూ తీసేశాను. సోఫా జరపడం నా వల్ల కాలేదు కనుక టీవీకి ఆరడుగుల దూరంలో చాప వేసుకున్నాను. ఫ్రిజ్ ప్లగ్ తీసినందుకు ఇంట్లో మాటలు పడ్డాను. పదకొండేళ్ళ మా అమ్మాయి ఈ ఏర్పాటంతా చూసి నవ్వి, వచ్చి పక్కన కూర్చుంది.

హోల్డో ఘట్టంలో శబ్దం తెగిపోగానే తను నా మోచేయి పట్టుకుంది. మొదటిసారి ఆ పది సెకన్లు ఎలా గడిచాయో నాకు గుర్తు కూడా లేదు. లేయా పాత్రధారిణి క్యారీ ఫిషర్ 2016 డిసెంబరులో పోయారని తెలిసి చూస్తుంటే ల్యూక్, అతని చెల్లెలు లేయా కలుసుకునే చోట పాత్రలూ నటులూ వేరుగా కనిపించలేదు. ఇక క్రెయిట్ మీద, ఉప్పుపొర కింద ఎర్రమట్టి ఉంటుందనీ ఎవరు అడుగు వేసినా నెత్తుటి చారలా బయటపడుతుందనీ సినిమా అంతకుముందే చూపించింది కదా, అక్కడ మా అమ్మాయి ఉన్నట్టుండి, ‘నాన్నా, ఆయన అడుగులు ఎర్రగా పడటం లేదేంటి?’ అని అడిగింది. నేను ముప్పై ఏళ్ళ అభిమానిని, మొదటిసారి అది చూడనేలేదు. అక్కడ నిలబడింది ల్యూక్ కాదు, ద్వీపం నుంచి అతను పంపిన రూపం మాత్రమే కదా. విరిగిపోయిన నీలి లైట్‌సేబర్ అతని చేతిలో ఎలా ఉందో, గడ్డం ఎందుకు నల్లగా ఉందో అప్పుడు వెనక్కి తిప్పి ఇద్దరం చూశాం. చివర్లో ద్వీపం మీద అతని ఎదుట మళ్ళీ జంట సూర్యులు అస్తమిస్తాయి, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఆ పాత రాగాన్నే ఎత్తుకుంటారు. ఆ కాసేపూ మా హాలు గాంధీనగరే.

మంచం పక్కన కత్తి తీయడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను, ఆ విషయంలో ఎర్రనేల గారి పక్షమే. జూదనగరాన్ని రిమోట్‌తో దాటించబోతే గుర్రాల్లాంటి ఆ జంతువులు నచ్చి అమ్మాయి ఒప్పుకోలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ‘ఆయనకు సూర్యుల్ని చూస్తే ఏం గుర్తొచ్చింది?’ అని తను అడిగింది కనుక వచ్చే శనివారం 1977 సినిమా వేయాలి. లూకాస్ 1997లో చేర్చిన కొత్త బొమ్మలు లేకుండా, హాన్ సోలో అనే దొంగరవాణాదారు ఎదుటివాడి కంటే ముందుగా కాల్చే పాత ప్రతి ఎక్కడ దొరుకుతుంది?

---

మూడోవరుస

2006లో వచ్చిన డీవీడీ కూర్పులో రెండో డిస్కుగా పాత ప్రతిని జతచేశారు, పాత దుకాణాల్లో వెతకండి. బొమ్మ నాణ్యత తక్కువే, పెద్ద టీవీలో నాలుగు వైపులా నల్ల అంచులతో చిన్నగా కనిపిస్తుంది, జూమ్ చేస్తే మసకబారుతుంది. చాపను ఇంకొంచెం ముందుకు జరుపుకోండి.