డబ్బు ఆరు కిలోమీటర్లకే, ఏ రోడ్డు ముందు వేయాలి?

కొత్త ఏఈ, చిత్తూరు:
అన్నలకు నమస్కారం. నా చేతిలో 41 కిలోమీటర్ల తారు రోడ్లున్నాయి. వచ్చిన డబ్బు ఆరు కిలోమీటర్లకే. అందరూ పూర్తిగా పాడైన కాలనీ రోడ్డునే ముందు వేయమంటున్నారు. నాకేమో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ రోడ్డు మీద భయంగా ఉంది. చూడ్డానికి బాగానే ఉంది. మొన్న వాన వెలిసి రోడ్డంతా ఆరాక, చక్రాల దారిలో మాత్రం సన్నని తడి గీతలు మిగిలాయి, మొసలి చర్మంలా. లారీ పోతే వాటిలోంచి తెల్లటి బురద నీళ్ళు చిమ్మాయి. ఫ్యాక్టరీకి పోయే వైపే ఇలా ఉంది. వచ్చే వైపు ఒక్క పగులూ లేదు. రెండు వైపులా ఒకేసారి వేసిన తారే! ఇది ఎన్నాళ్ళు ఆగుతుందో ముందే లెక్క కట్టగలమా?

రిటైర్డ్ డీఈ, తిరుపతి:
తమ్ముడూ, పోయేవి నిండు బండ్లు, వచ్చేవి ఖాళీ బండ్లు. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయిలో లారీలు తిప్పి చేసిన పరీక్షలో తేలింది అదే: ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ సుమారు 16 రెట్లు. కాబట్టి స్కూటర్లు, కార్లు వదిలెయ్. తోతాపురి సీజన్లో మూడు రోజులు కూర్చుని నిండు లారీలు, టిప్పర్లు లెక్కపెట్టు.

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రోడ్డు ఎప్పుడు ఎంత చెడుతుందో అంచనా కట్టే హెచ్‌డీఎం-4 సాఫ్ట్‌వేర్ అయినా మన రోడ్ల మీద కొలిచిన అంకెలు ఇస్తేనే సరిగ్గా చెబుతుంది. ఒక్కో రోడ్డులో వంద మీటర్ల ముక్కలు మూడు గుర్తుపెట్టు. ఏటా సెప్టెంబరులో, మళ్ళీ సంక్రాంతి అయ్యాక అవే ముక్కలు కొలువు. పగుళ్ళు ఎన్ని చదరపు మీటర్లు, మూడు మీటర్ల పట్టీ అడ్డంగా పెడితే చక్రాల దారి ఎన్ని మిల్లీమీటర్లు దిగింది, అంతే. రోడ్డు మొదట మెల్లగా చెడుతుంది, నీళ్ళు లోపలికి దిగాక ఒక్కసారిగా కూలుతుంది. ఏ రోడ్డు ఆ మలుపుకు దగ్గరైందో మూడేళ్ళలో నీ అంకెలే చెబుతాయి.

పలమనేరు వైపు ఒక రోడ్డుకు సీల్ కోట్, అంటే పగుళ్ళు మూసే పలుచటి తారు పొర, వేద్దామని రాశాను, వాయిదా పడింది. రెండు వానాకాలాలకు కంకర పైకి తేలి, అడుగు నుంచి తవ్వి వేయాల్సి వచ్చింది. ఇప్పటికీ అటు పోతే కడుపు తరుక్కుపోతుంది.

నీ రోడ్డుకు సీల్ కోట్ కూడా చాలదు. బురద చిమ్ముతోందంటే నీళ్ళు కంకర కిందికి చేరాయి. ముందు తారు అంచున ఎత్తుగా పెరిగిన మట్టి బెర్మ్ చెక్కించి, సైడు కాలువ తెరిపించు. నిండు లారీ బరువుకు రోడ్డు ఎంత కుంగుతుందో కొలిచే బెంకెల్‌మన్ బీమ్ పరీక్ష చేయించి, చెడిన చోట్లు తవ్వి సరిచేసి, పైన పొర వెయ్యి. కాలనీ రోడ్డు ఎలాగూ మొదటి నుంచి వేయాల్సిందే. ఏడాది ఆగినా దాని ఖర్చు పెద్దగా పెరగదు.

టీచరమ్మ, పాకాల:
సార్, నేను అలాంటి కాలనీ రోడ్డు మీదే రోజూ స్కూలుకు పోతాను. నిండు చూలాలిని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళకు ఏడాది ఆగమని ఎట్లా చెప్పేది?

రిటైర్డ్ డీఈ, తిరుపతి:
నిజమే తల్లీ, ఆగాల్సింది కొత్త తారు ఒక్కటే. గుంతల్లో వెట్‌మిక్స్, అదే నీళ్ళతో కలిపిన కంకర మిశ్రమం, పోసి రోలర్‌తో తొక్కించే పని ఈ వారమే మొదలుపెట్టాలి. తమ్ముడూ, ఆ డబ్బు ముందు పక్కన పెట్టు.

కొత్త ఏఈ, చిత్తూరు:
పెట్టాను అన్నా. రేపు పొద్దున కాలనీకి రోలర్ వస్తుంది. పసుపు పెయింటు డబ్బా కూడా కొన్నాను. ఫ్యాక్టరీ రోడ్డులో మొదటి ముక్క 1,200 మీటర్ల నుంచి 1,300 దాకా, ఆ బురద చిమ్మిన చోటే.