అంబాసిడర్ నమూనా మీద నీలం రంగు తెల్లగా పాలిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి):
మా తాతగారికి 1972 మోడల్ అంబాసిడర్ ఉండేది, ముదురు నీలం. వచ్చే నెలలో ఆయన సహస్ర చంద్ర దర్శనం. ఆ కారు నమూనా చేసి ఇద్దామని ప్లాస్టిక్ బొమ్మ కారు కొని, విప్పి, ప్రైమర్ వేసి, మొన్న వాన వెలిసిన సాయంత్రం డాబా మీద లాకర్ (త్వరగా ఆరిపోయే మెరుపు రంగు) స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో పైకప్పు, బానెట్ మీద బూడిద పూసినట్టు తెల్లపొర వచ్చింది. థిన్నర్‌తో మొత్తం కడిగేయనా? నంబరు ప్లేటు 1:24 కొలతకు, అంటే అసలు దానిలో ఇరవై నాలుగో వంతుకు, తెల్లదాని మీద నల్ల అక్షరాలతో అచ్చు వేయించాను. అది అతికిస్తే ఎందుకో హోర్డింగులా ఉంది.

జవాబు (చిత్తూరు నుంచి):
థిన్నర్ జోలికి పోవద్దు! రంగుతో పాటు ప్లాస్టిక్ కూడా కరుగుతుంది. మీ రంగు పాడవలేదు, తేమ పట్టింది, అంతే. లాకర్‌లోని ద్రావకం వేగంగా ఆరుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది అక్కడే నీరై రంగులో చిక్కుకుంటుంది. తెల్ల రంగయితే కనిపించేదే కాదు, ముదురు నీలం కాబట్టి దొరికిపోయింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో మన జిల్లాల్లో ఇది మామూలే. మీకైతే సులువైన గుర్తు ఉంది: డాబా మీద నుంచి కొండ స్పష్టంగా కనిపించని రోజు స్ప్రే డబ్బా ముట్టుకోకండి.

పొడి ఎండ వచ్చిన రోజు, మధ్యాహ్నం, నీడలో, గాలి ఆడే చోట అదే రంగును చాలా పలుచగా ఒక్క పొర వేయండి. కొత్త ద్రావకం పాత పొరను కాస్త మెత్తబరుస్తుంది, తేమ బయటికి పోతుంది. డబ్బాను ముందుగా గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా పడుతుంది. పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. ముక్కుకు మాస్కు మరవద్దు.

ఇక ప్లేటు. బొమ్మ పెట్టె మీద రాసిన స్కేలును నమ్మకూడదు. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి కొలవండి. అసలు కారులో అది 2464 మిల్లీమీటర్లు. దాన్ని మీ కొలతతో భాగిస్తే నిజం తేలుతుంది.

ఇంకో మాట, నవ్వకండి: సొంత కార్లకు అప్పట్లో నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉండేవి. తెల్ల ప్లేటు, నల్ల అక్షరాలు అద్దె వాహనాలకు. తాతగారి కారును ట్యాక్సీ చేసేశారు!

ప్రశ్న:
77 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే 1:32! ప్లేటు మళ్లీ వేయిస్తాను. సూపర్ గ్లూతో అద్దాలు అతికించి చూశాను, అవీ మసకబారాయి. గ్రిల్లు కూడా ఫొటోలో ఉన్నట్టు లేదు.

జవాబు:
అద్దాలకు సూపర్ గ్లూ వాడితే అంతే. దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లగా పేరుకుంటుంది. పోలీసులు వేలిముద్రలు బయటపెట్టడానికి వాడేది ఆ ఆవిరినే. తెల్ల టూత్‌పేస్టు మెత్తటి గుడ్డకు రాసి ఓపికగా రుద్దండి. పోకపోతే మందుబిళ్లల ప్యాకెట్ పైన ఉండే పారదర్శక ప్లాస్టిక్‌ను కత్తిరించుకుని, తెల్ల ఫెవికాల్‌తో అతికించండి. అది ఆరాక కనిపించదు.

1972 అంటే అంబాసిడర్‌లో మార్క్ 2 అనే మోడల్. దాని గ్రిల్లు చిన్న చిన్న గళ్లతో ఉంటుంది. మీ బొమ్మ తరవాతి మోడల్ అయి ఉండాలి. పాత గ్రిల్లు చెక్కేసి, పాత టీ వడపోత జల్లెడలోంచి ముక్క కత్తిరించి పెట్టండి. నేను మూడుసార్లు వేలు కోసుకున్నాను కనుక చెబుతున్నా: ముందు టేపు అతికించి, దాని మీదుగా కత్తెర వేయండి. కారు మొహం సరిగ్గా కుదిరితే మిగతా లోపాలు ఎవరూ చూడరు. బంపర్లకు అల్యూమినియం టేపును అగ్గిపుల్లతో నొక్కి అద్దండి, క్రోమ్ రంగు కన్నా బాగుంటుంది.

ప్రశ్న:
నిన్న మంచి ఎండ కాసింది. పలుచగా కొట్టాను, తెల్లపొర పోయింది! ఎడమ తలుపు అంచున మాత్రం గోరంత మిగిలింది.

జవాబు:
వారం ముట్టుకోకండి. ఆ తరవాత 2000 నంబరు గరుకు కాగితం నీళ్లలో తడిపి అక్కడ మాత్రమే మెల్లగా రుద్ది, మళ్లీ ఒక పలుచని పొర వేయండి. ఈలోగా ప్లేటు పని కానివ్వండి.