రోజ్‌వుడ్‌తో చేస్తే అది ఫ్లమెంకో గిటారేనా?

సుధ_ఆరుతీగలు: ఫ్లమెంకో (స్పెయిన్ వాళ్ల పాటా ఆటా సంగీతం) వాయించే గిటార్ కోసం ఏడాదిగా డబ్బులు దాస్తున్నా. సైప్రెస్ కర్రతో చేసే బ్లాంకానా, వెనకా పక్కలా రోజ్‌వుడ్ వేసే నెగ్రానా? నెగ్రా అసలు ఫ్లమెంకో గిటారే కాదంటున్నారు కొందరు, నిజమేనా?

మరగుట్టు: నిజమే. పైన స్ప్రూస్ చెక్క, వెనకా పక్కలా సైప్రెస్, తల దగ్గర తీగలు బిగించే చెక్క బిరడాలు, అదీ లెక్క. బరువుండదు, మీటగానే ఫట్‌మని పలికి ఆగిపోతుంది. డాన్సర్ కాళ్ల చప్పుడులో వినపడాలంటే అదే కావాలి. రోజ్‌వుడ్ మోగుతూ కూచుంటుంది, క్లాసికల్ గిటార్ వాళ్లకి వదిలేయండి.

రాము_డల్లాస్: ఫ్లమెంకోలో అంత పేరున్న పాకో డి లూసియా వాయించిన నెగ్రా, ఆ కొండే అనే కంపెనీ గిటార్ సంగతేంటి మరి? ఆయన ఉన్నప్పుడే వెళ్లి చెప్పాల్సింది. ఇక బిరడాలంటారా, నాది సైప్రెసే, చెక్క బిరడాలే, పోయిన దసరా ప్రోగ్రాంలో స్టేజి మీద రెండో తీగ సర్రున జారింది, నేను తిప్పడం అది జారడం, ముందు వరసలో పిల్లలు ఒకటే నవ్వు. అమ్మినాయన ఫోనే ఎత్తలేదు.

మరగుట్టు: చాక్‌పీస్ పొడి రాయాలి. వయొలిన్ వాళ్లూ చేసే పనే.

రాము_డల్లాస్: మనం మాట్లాడేది చెక్క గురించి సార్.

గోదారోడు: వీణ బిరడాలు జారట్లేదా, ఎవడన్నా అది వీణ కాదన్నాడా

రాము_డల్లాస్: స్పెయిన్‌లోని అల్మెరియాలో టోర్రెస్ అనే గిటార్లు చేసేవాడు 19వ శతాబ్దంలోనే రోజ్‌వుడ్‌తోనూ చేశాడు, సైప్రెస్‌తోనూ చేశాడు. సైప్రెస్ అక్కడే దొరికేది, చవక. రోజ్‌వుడ్ ఓడెక్కి రావాలి. గతిలేక వాడిన కర్రని పట్టుకుని సంప్రదాయం అంటే ఎలా?

మరగుట్టు: గతిలేకే వాడారు, ఒప్పుకుంటా. కానీ పాటా ఆటా పెరిగింది ఆ చప్పుడు మీదే. స్పెయిన్‌లోని గ్రనడా ఊళ్లో గోమెరెస్ వీధిలో ఒక వర్క్‌షాప్‌లో పూటంతా నిలబడి చూశా. గిటార్‌ని బోర్లా పెట్టి, పైచెక్కా పక్కచెక్కా కలిసే మూలలో గోరంత చెక్కముక్కకి జిగురు రాసి వేలితో నొక్కి పట్టుకుంటాడు, అది పట్టాక ఇంకోటి, చుట్టూతా అలాగే. మీకిది అర్థం కాదు.

రాము_డల్లాస్: అదే బల్ల మీద అదే చేత్తో నెగ్రా కూడా చేస్తాడు కదండీ! మీ కోపం గిటార్ మీద కాదు, ఒక్కళ్లే కుర్చీలో కూచుని సోలో వాయించేవాళ్ల మీద.

మరగుట్టు: అవును. పదకొండేళ్లుగా డాన్స్ క్లాసులకి వాయిస్తున్నా, ఒక్క పోస్టర్ మీద నా పేరు లేదు. సోలో వాడొస్తే మాత్రం శాలువా. ఆ సోలోలకే నెగ్రాలు. ఇప్పుడు చెప్పండి.

సుధ_ఆరుతీగలు: అన్నా, నేను డాన్స్‌కీ వాయించను, స్టేజీ ఎక్కను. రాత్రి పది తర్వాత ఫ్లాట్‌లో వాయించుకుంటా, అంతే. ఏది తీసుకోను?

గోదారోడు: పది తర్వాతా? పక్కింటోళ్లనడుగు

రాము_డల్లాస్: మరగుట్టు గారూ, ఆ చాక్‌పీస్ మామూలు బడిలో వాడేదేనా?