వెలుతురుకి కదిలే పొర ప్రోటీన్లు: ఎన్ఎంఆరా, ఈపీఆరా?

ఊదాపొర:
ప్రోటియోరోడాప్సిన్ (వెలుతురుతో ప్రోటాన్లని పొర దాటించే బాక్టీరియా ప్రోటీన్) మీద పని మొదలుపెడుతున్నాను. వెలుతురు పడ్డాక అందులోని హెలిక్సులు (స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు) ఎటు, ఎంత కదులుతాయో చూడాలి. మా దగ్గర ఘనస్థితి ఎన్ఎంఆర్ (పరమాణు కేంద్రకాల అయస్కాంత సిగ్నల్ చదివేది) ఉంది, పక్క ల్యాబ్‌లో ఈపీఆర్ (జత లేని ఎలక్ట్రాన్ల సిగ్నల్ చదివేది) ఉంది. రెండూ వాడినవాళ్లు కాస్త చెప్పండి, ముందు దేని జోలికి వెళ్లాలి?

స్పిన్‌మాస్టారు:
హెలిక్స్ జరగడమే మీ ప్రశ్న అయితే ఈపీఆరేనండీ. రెండు చోట్ల సిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెట్టి, దానికి నైట్రాక్సైడ్ లేబుల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న గుర్తు) తగిలించి డీర్ ప్రయోగం (రెండు లేబుళ్ల మధ్య దూరం కొలిచే ఈపీఆర్ పద్ధతి) చేస్తే సుమారు 2 నుంచి 8 నానోమీటర్ల దూరాలు తెలుస్తాయి. కంటి రోడాప్సిన్‌లో ఆరో హెలిక్స్ బయటికి జరుగుతుందని 1996లో హబ్బెల్, ఖొరానా బృందాలు చూపించాయి. అప్పుడు డీర్ వాడలేదు గానీ లేబుళ్లు ఈ తరహావే. మీ ప్రోటీన్‌కి చుట్టమైన బాక్టీరియోరోడాప్సిన్‌లో సిస్టీన్ అసలు లేదు, ఆ పని చేసేవాళ్లకి సుఖం. మీదాంట్లో ఉన్నాయి. ముందు వాటిని తీసేసి, ఫోటోసైకిల్ (వెలుతురు పడ్డాక దశలు మారి మళ్లీ మొదటికొచ్చే చక్రం) చెడలేదని చూసుకోండి.

రెండోవిడత:
పై మాటలో ఒక మెలిక ఉంది. ప్రోటియోరోడాప్సిన్ ఐదేసి, ఆరేసి అణువుల గుంపులుగా ఉంటుంది. ఒక్కో అణువుకి రెండు లేబుళ్లంటే ఐదింటి గుంపుకి పది! పక్క అణువుతో ఉన్న దూరాలు కూడా అదే డేటాలో కలిసిపోతాయి, విడదీయడం నరకం. మేం నానోడిస్కుల్లో (చిన్న గుండ్రటి పొర ముక్కల్లో) ఒంటరి అణువుల్ని పెట్టి చేశాం. కానీ గుంపులో ఉన్నప్పుడూ అది అలాగే కదులుతుందని గ్యారంటీ ఏముంది?

ఊదాపొర:
ఇది పెద్ద విషయమే. మరి రెటినల్ (ప్రోటీన్ లోపల వెలుతురు పట్టే అణువు) చుట్టూ జరిగేది కూడా కావాలంటే?

చలిగది:
దానికి ఎన్ఎంఆరే. షిఫ్ బేస్ (రెటినల్ ప్రోటీన్‌కి అతుక్కునే చోటు) నైట్రోజన్‌ని 15ఎన్ ఐసోటోపుతో, రెటినల్‌లో 14, 15 కార్బన్లని 13సీ ఐసోటోపుతో లేబుల్ చేయండి. సిగ్నల్ చాలా తక్కువ, అందుకే డీఎన్‌పీ అనే సిగ్నల్ పెంచే పద్ధతి. ఎలక్ట్రాన్ ధ్రువణాన్ని మైక్రోవేవ్‌తో కేంద్రకాలకి అందిస్తాం. ప్రోటాన్లకి సిద్ధాంతం ప్రకారం 660 రెట్ల దాకా పెరగాలి, చేతికొచ్చేది అంతకన్నా చాలా తక్కువ.

అసలు టెన్షన్ వెలుతురుతోనే. నమూనా చిక్కగా, ముదురు రంగులో ఉంటుంది కదా, పై పొరే కాంతినంతా తాగేస్తుంది, లోపల చీకటే. సఫైర్ రోటర్ (నమూనా పెట్టి తిప్పే, వెలుతురు దూరే గొట్టం) వాడండి, నమూనాని గోడకి పలచగా పట్టించండి. ఎంత శాతం మారిందో స్పెక్ట్రమ్‌లో తేలేదాకా "కదలిక" అన్న మాటే ఎత్తకండి. ఇంకోటి, 100 కెల్విన్ దగ్గర వెలిగిస్తే చక్రంలో మొదట వచ్చే కె దశలోనే ఆగిపోతుంది. తర్వాత వచ్చే ఎం దశ కావాలంటే గడ్డకట్టకముందే వెలిగించి, అలాగే వెలిగిస్తూ చటుక్కున ద్రవ నైట్రోజన్‌లో వేయాలి.

మ్యాజిక్‌కోణం:
క్షమించాలి, మీరిద్దరూ చెప్పేవి ఆగిపోయిన ఫోటోలే. డీర్ కూడా మామూలుగా 50 కెల్విన్ దగ్గరే చేస్తారు. ముందు, తర్వాత ఎక్కడున్నాయో తెలుస్తుంది, మధ్యలో ఎలా ఊగాయో తెలియదు. ఊగడం చూడాలంటే గది ఉష్ణోగ్రత దగ్గర ఎన్ఎంఆర్‌తో డైపోలార్ కప్లింగులూ (కేంద్రకాల మధ్య అయస్కాంత ప్రభావం), రిలాక్సేషనూ (సిగ్నల్ మామూలు స్థితికి రావడం) కొలవాలి. హెలిక్సుల్ని కలిపే లూపుల ఊగడం అక్కడే బయటపడుతుంది.

స్పిన్‌మాస్టారు:
ఒప్పుకుంటాను. అయితే గదిలో ఎం దశ క్షణంలో పోతుంది. ఫోటోసైకిల్ మెల్లగా తిరిగే మ్యూటెంట్ (ఒక అమైనో ఆమ్లం మార్చిన రూపం) కావాలి, 108వ గ్లుటమేట్‌ని గ్లుటమిన్‌గా మార్చింది లాంటిది.

ఊదాపొర:
పీహెచ్ ఎంత పెట్టమంటారు?

చలిగది:
9 దగ్గర. షిఫ్ బేస్ ప్రోటాన్‌ని అందుకునే 97వ ఆస్పార్టేట్ పీకేఏ (సగం అణువుల్లో ప్రోటాన్ ఊడిపోయే పీహెచ్) 7.5 దరిదాపుల్లో ఉంటుంది. 7 దగ్గర పెడితే ప్రోటాన్ ఉన్నవీ లేనివీ కలిసే ఉంటాయి, కనిపించిన తేడా వెలుతురుదో పీహెచ్‌దో తేల్చలేరు.