గోరుచుట్టు మీద రోకటిపోటు: ఆ పోటు దెబ్బా, సలుపా?

చర్మం_డ్యూటీ
స్కిన్ ఓపీలో హౌస్‌సర్జన్‌ని. మొన్న ఒక అక్క వచ్చింది. హాస్టల్ మెస్‌లో గిన్నెలు తోముతుందట. కుడిచేతి చూపుడువేలికి నిమ్మకాయ తొడుక్కుని వచ్చింది. తీయించి చూస్తే వేలి చివర నాని, తెల్లబడి, ముడతలు పడి ఉంది. గోరుకి ఒక పక్క తోలు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది. మూలన బియ్యపు గింజంత పసుపు చుక్క. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

నొప్పి ఎలా ఉందని అడిగితే "రెండు రాత్రుల్నించి రోకటిపోటమ్మా, కన్ను మూతపడలే" అంది. అప్పట్నుంచీ ఆ మాట నన్ను వదలడం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే, అసలే పుండైన వేలి మీద రోకలి పడిందని చిన్నప్పట్నుంచీ అనుకున్నాను. ఈవిడ వేలి మీద ఏ రోకలీ పడలేదు, ఆవిడ చెప్పింది సలుపు గురించి. సామెతలో ఉన్నది దెబ్బా, సలుపా? ఇంకోటి, మా ఇంట్లో "రోకలిపోటు" అనేవాళ్ళు, ఆవిడ "టి" అంది. ఏది సరి?

సూరిగారి_బడి
"టి"యే. రోకలి ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరేటప్పుడు చివరి అక్షరం మారే మాట. వాకిలి వాకిట, ముంగిలి ముంగిట, కౌగిలి కౌగిట, నాగలి నాగటిచాలు, ఇదీ అదే వరస. చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో ఇ, టి, తి వర్ణాల సంగతి తేల్చేశాడు. రోకటిపాటలు అంటాం కదా.

తుంగభద్ర_ఒడ్డు
అయితే "రోకలిబండ" అంటామే, "రోకటిబండ" అనమే? మా వైపు సామెతలో కూడా లి-యే వినపడుతుంది. మొసలి, నెమలి కూడా లి-తోనే ముగుస్తాయి, మొసటి కన్నీరు అనం. సూరి కూడా "ప్రాయికంబుగ", అంటే చాలావరకు, అన్నాడు. ఆ మాట వదిలేసి సూత్రం చెప్పకండి.

సూరిగారి_బడి
రోకలిబండలో రోకలే బండ. రెండూ ఒకే వస్తువు, మధ్యలో విభక్తి సంబంధం లేదు, అందుకే టి రాలేదు. రోకటిపోటులో రోకలి వేరు, పోటు వేరు. రోకలితో పోటు. విభక్తి ఉన్నచోటే టి వస్తుంది. ముంగిటి ముగ్గు కూడా అంతే. "ప్రాయికంబుగ" మాట ఒప్పుకుంటాను, మొసలి దాని కిందికే వస్తుంది.

దంపుళ్ళ_పాట
మీరిద్దరూ టి దగ్గరే ఉండిపోయారు, ఆమె అడిగింది పోటు గురించి. పోటు పక్కన వచ్చే మాటలు చూడండి. తలపోటు, చెవిపోటు, పంటిపోటు: ముందున్నది ఒంట్లో చోటు, కాబట్టి పోటు అంటే నొప్పి. కత్తిపోటు, బల్లెపుపోటు: ముందున్నది ఆయుధం, కాబట్టి పోటు అంటే దెబ్బ. రోకలి ఒంట్లో భాగం కాదు. అందుకని సామెతలో ఉన్నది దెబ్బే. నా వరకు తేలిపోయింది.

తుంగభద్ర_ఒడ్డు
వెన్నుపోటు? వెన్ను ఒంట్లో భాగమే, పోటు మాత్రం దెబ్బ. మీ సూత్రం అక్కడ నిలవదు.

దంపుళ్ళ_పాట
వెన్నుపోటు వెన్నులో పొడిచిన పోటు. చోటు చోటే, పొడిచిన కత్తిని చెప్పకుండా వదిలేశారు. సూత్రం కాస్త వంగింది, విరగలేదు.

ముప్పైఏళ్ళ_వార్డు
నర్సింగ్ పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. వ్యాకరణం మీకు వదిలేస్తాను గానీ, పోటు అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. పేషెంటు దురద అంటుందా, మంట అంటుందా, పోటు అంటుందా అన్నదాని మీదే సగం జబ్బు తెలిసిపోతుంది. పోటు అంటే చీము బిగిసి లోపల ఒత్తుతోందని. ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పని. గోరు కొరుక్కున్నప్పుడో, పక్కన లేచిన తోలు పీకినప్పుడో దూరుతుంది. చీము పట్టకముందే వస్తే గోరువెచ్చని నీళ్ళలో రోజుకి మూడు నాలుగుసార్లు ముంచి ఉంచితే చాలాసార్లు అణిగిపోతుంది. చీము పడితే మాత్రం దారి ఇవ్వాల్సిందే. నిమ్మరసం ఒరిసిపోయిన తోలుని ఇంకా మండిస్తుంది.

అదే అక్కకి ఆరు వారాలు దాటి, మూడు నాలుగు వేళ్ళకి, గోరు మొదట్లో ఉండే సన్నని పొర ఊడిపోయి, తోలు దిండులా ఉబ్బి ఉంటే అది వేరే కథ. నీళ్ళలో, సబ్బులో నానే చేతులకి వచ్చేది. అందులో పోటు ఉండదు, నసే. మనవాళ్ళు దాన్నీ గోరుచుట్టే అంటారు. ఇక వేలి కండ వైపు, ముద్ర వేసే చోట గట్టిగా బిగిసి పోటు పెడితే అది గోరుచుట్టు కానే కాదు. వదిలేస్తే ఎముక దాకా పోతుంది. గుత్తిగా చిన్న నీటిబుడగలు కనపడితే కత్తి ముట్టుకోవద్దు, అది హెర్పిస్. బొటనవేలు చీకే పిల్లల్లో చూశాను.

సామెత చెప్పినవాళ్ళకి తెలిసింది ఆ మొదటి రకమే. నస పెట్టేదాని మీద రోకలి పడినా సామెత పుట్టేంత బాధ ఉండదు.

ఆటవెలది_ప్రియ
ఈ మాటలు వింటే వేమనే గుర్తొస్తాడు. చెప్పులోని రాయి, చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు, కాలిముల్లు. చిన్న బాధలకి ఇంత గౌరవం ఇచ్చిన కవి మనకి ఇంకొకడు లేడు. మా అమ్మమ్మ "కంటిలోని నలుసు గోరుచుట్టు" అని చదివేది. గణాలు కూడా సరిపోతాయి: గోరు, చుట్టు, రెండూ గలాలే (గురువు, లఘువు). 1829లో బ్రౌను అచ్చు వేయించకముందు నోటి పాఠం ఇలా ఉండేదేమో?

సూరిగారి_బడి
గణాలు సరిపోతాయి, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన పొత్తు, తప్పుతుంది. కంటికి నాలుగో గణం మొదట కాలి ఉంటే యతి చక్కగా కుదిరింది. గో పెడితే క, గ హల్లులకి వర్గయతి ఉన్నా అచ్చు కలవదు, అకారానికి ఓకారం పొసగదు. రెండో అక్షరాల పొత్తయిన ప్రాసయతి చూద్దామన్నా టి-కి రు కుదరదు. అమ్మమ్మగారి మీద గౌరవంతోనే అంటున్నాను, అది వేమన పాఠం కాదు.

దంపుళ్ళ_పాట
యతి సంగతి అలా ఉంచండి. రాయి, జోరీగ, నలుసు, ముల్లు, నాలుగూ బయటినుంచి వచ్చి దూరినవి. తీసేస్తే పోతాయి. గోరుచుట్టు మన తోలులోనే పండేది. ఆ వరసలో వేమన దాన్ని పెట్టడు. ఆయన మనసులో లెక్క ఉంటుంది.

ఆటవెలది_ప్రియ
ఇది నాకు తట్టలేదు. అమ్మమ్మ పాఠం మాత్రం వదులుకోను.

తుంగభద్ర_ఒడ్డు
గోళ్ళ దాకా వచ్చాం కాబట్టి, పిప్పిగోరా, పుప్పిగోరా? పుప్పి అంటే లోపల పుచ్చిపోవడం. నేను పుప్పి పక్షం.

ముప్పైఏళ్ళ_వార్డు
నేను పిప్పి. చెరుకు నమిలి ఉమ్మిన పిప్పిలా గోరు కింద పొడి పొడిగా రాలుతుంది, కత్తిరిస్తే చేతిలో పడుతుంది. కానీ పిప్పిగోరు అనగానే ఫంగస్ అని రాసేయొద్దని పిల్లలకి చెప్పేదాన్ని. సోరియాసిస్‌లోనూ అలాగే ఉంటుంది. గోరు పైన సూదితో పొడిచినట్టు గుంటలు, లోపల నూనె చుక్క పడ్డట్టు మచ్చ కనిపిస్తే మోచేతులు, తల వెతకాలి. అనుమానం ఉంటే గోరు పొడి తీసి కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) వేసి మైక్రోస్కోపులో చూడాలి. ఫంగస్ మందులు నెలల తరబడి మింగాలి. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది మరి.

చర్మం_డ్యూటీ
ఆ అక్క ఇవాళ డ్రెస్సింగుకి వచ్చింది. చీము తీసిన రాత్రే నిద్ర పట్టిందట. కట్టు విప్పుతూ అడిగాను, రోకటిపోటంటే ఏంటక్కా అని. ఆవిడ ఎడమ అరచేతిని రోలులా పట్టుకుని, కుడి పిడికిలితో మూడుసార్లు దంచింది. ఒక్కో దంపుకీ మధ్య ఆగింది. "ఇట్ల. దంచి, ఆగి, మళ్ల దంచుతది" అంది.

ఆ మధ్యలో ఆగడం చూశాక, అది నాడి కొట్టుకునే తీరులా అనిపించింది. దెబ్బయితే ఒక్కసారే కదా పడాలి?

దంపుళ్ళ_పాట
దంపు ఒక్కసారి పడదమ్మా. వడ్లు దంచేటప్పుడు రోకలి లేస్తుంది, పడుతుంది, లేస్తుంది. రోటి చుట్టూ చిమ్మిన గింజని లోపలికి నెట్టే వేలికి మళ్ళీ మళ్ళీ తగిలే అవకాశం ఉంది. నేను ఇంకా దెబ్బ పక్షమే.

సూరిగారి_బడి
ఒక్క మాట. దంచి చూపించేటప్పుడు ఆవిడ రోకటి అందా, రోకలి అందా?

చర్మం_డ్యూటీ
ఈసారి ఆ మాట అనలేదండీ, చేత్తోనే చూపించింది. ఎల్లుండి మళ్ళీ రమ్మన్నాను.