అమ్మకి ఏపీటీటీ 52 వచ్చిందని ఆపరేషన్ ఆపేశారు. రక్తం పలచబడినట్టేనా?

పటమట అమ్మాయి:
అమ్మకి 56 ఏళ్లు. గాల్ బ్లాడర్‌లో రాళ్లు. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్‌కి డేట్ ఇచ్చి, ముందు రోజు రక్త పరీక్షలు చేసి, "క్లాటింగ్ తేడాగా ఉంది, ఇప్పుడు చేయలేం" అని ఇంటికి పంపేశారు. ఇంకేమీ చెప్పలేదు.

రిపోర్టులో ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే పరీక్షలు రెండు, పీటీ, ఏపీటీటీ అట. పీటీ 12.9 సెకన్లు, దాని నుంచే లెక్కగట్టే ఐఎన్ఆర్ 1.05, రెండూ మామూలే. ఏపీటీటీ మాత్రం 52 సెకన్లు, పక్కన కంట్రోల్ (మామూలు మనిషి రక్తానికి వచ్చేది) 29 అని ఉంది. అమ్మ బీపీ మాత్ర తప్ప ఏదీ వాడదు. పోయిన వేసవిలో పన్ను పీకించుకుంటే దూది పెట్టిన పది నిమిషాలకే రక్తం ఆగింది. కత్తిపీట తెగితే పసుపు అద్దుకుని మళ్లీ కూరలు తరుక్కుంటుంది. ఈవిడకి రక్తం గడ్డకట్టదంటే ఎలా నమ్మాలి? పక్కింటి పిన్ని మాత్రం రోజూ బీట్‌రూట్ రసం పట్టుకొస్తోంది. నాకైతే టెన్షన్‌తో నిద్ర లేదు.

కృష్ణలంక కుర్రాడు:
ఎకోస్ప్రిన్, అదే ఆస్పిరిన్ మాత్ర, ఏమైనా వేసుకుంటున్నారేమో చూడండి అక్కా. మా నాన్నకి ఆపరేషన్ ముందు అదే ఆపమన్నారు.

ల్యాబ్ బాబాయ్, గుంటూరు:
తమ్ముడూ, ఎకోస్ప్రిన్ ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది, ఏపీటీటీని పెంచదు.

అమ్మాయ్, నేను కొత్తపేట ల్యాబుల్లో 27 ఏళ్లు రక్తం తీశాను. నా మొదటి అనుమానం ఎప్పుడూ గొట్టం మీదే. ఈ పరీక్షకి నీలం మూత గొట్టం వాడతారు. అందులో ముందే రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవం ఉంటుంది. దాని ఒక పాలుకి రక్తం తొమ్మిది పాళ్లు పడాలి, అంటే గీత దాకా నిండాలి. నరం దొరక్క సగంలో ఆపేస్తే సిట్రేట్ ఎక్కువై, గడ్డకట్టించడానికి పరీక్షలో మనం వేసే కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. గడ్డ ఆలస్యంగా కడుతుంది. ఆ తప్పు మీ అమ్మది కాదు, గొట్టానిది. రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్ మందుతో కడిగిన క్యాన్యులా నుంచి తీసినా ఇంతే. తీశాక నాలుగు గంటల్లోపు పరీక్ష అయిపోవాలి కూడా.

ఇక అర్థం సంగతి. గడ్డకట్టడానికి రక్తంలోని ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లు రెండు దారుల్లో ఒకదాన్నొకటి లేపుకుంటూ పోయి చివర్లో కలుస్తాయి. ఒక దారిని పీటీ, రెండో దారిని ఏపీటీటీ చూస్తాయి. పీటీ బాగుంది కాబట్టి ఏడో ఫ్యాక్టరూ, చివర్లో రెండు దారులూ కలిసే చోటూ బాగున్నట్టే. లివర్ దెబ్బతిన్నా, విటమిన్ కె తగ్గినా మామూలుగా ముందు పెరిగేది పీటీయే. బీట్‌రూట్ తాగితే తాగనివ్వు, ఈ అంకె మాత్రం కదలదు. ఏపీటీటీ ఒక్కటే పెరిగిందంటే 8, 9, 11, 12 ఫ్యాక్టర్లలో ఏదో తగ్గి ఉండాలి, లేదా ఏదో అడ్డుపడుతూ ఉండాలి. 12 తగ్గితే అంకె బాగా పెరుగుతుంది గానీ రక్తం కారదు, విచిత్రం.

మళ్లీ తీయించు. అప్పుడూ ఎక్కువే వస్తే మిక్సింగ్ చేయమను. అమ్మ ప్లాస్మా (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) సగం, మామూలు మనిషిది సగం కలిపి చూస్తారు. అంకె దిగితే ఫ్యాక్టర్ తక్కువని, దిగకపోతే అడ్డు ఉందని.

తెనాలి నుంచి:
అక్కా, నాదీ ఇదే కథ. నాకు తేలింది లూపస్ యాంటీకోయాగ్యులెంట్, బాబాయ్ చెప్పిన అడ్డు లాంటిదే, మన ఒళ్లే తయారుచేసే ఒక యాంటీబాడీ. పేరు చూసి బెదిరిపోకు, అది ఉన్నంత మాత్రాన లూపస్ జబ్బు ఉన్నట్టు కాదు. ఇంకో తిరకాసు ఏంటంటే, గొట్టంలో గడ్డకట్టడానికి కావాల్సిన ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థాన్ని అది పట్టుకోవడం వల్ల గడ్డ ఆలస్యం అవుతుంది, ఒంట్లో మాత్రం గడ్డలు కట్టే ప్రమాదం పెంచుతుంది. నాకు రెండుసార్లు కడుపు పోయాకే ఇది బయటపడింది. మూడోసారి ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చారు. బాబు ఇప్పుడు రెండో తరగతి.

అమ్మగారికి ఎప్పుడైనా కాలు వాచి నొప్పి పెట్టిందా, కడుపులు పోయాయా, మెల్లగా అడిగి చూడు.

పటమట అమ్మాయి:
బాబాయ్ గారూ, మొదటిసారి మూడు చోట్ల గుచ్చారు, కాబట్టి గొట్టమే అయ్యుంటుందని సంబరపడ్డాను. ఈసారి వేరే ల్యాబులో నేనే నిలబడి గీత దాకా నిండిందో లేదో చూశాను. అయినా 49. మిక్సింగ్‌లో 46కి దిగి అక్కడే ఆగిపోయింది.

తెనాలి చెల్లీ, నువ్వన్నట్టే అడిగాను. అమ్మ కాసేపు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. నాకు ముందు ఇద్దరు, ఒకరు ఐదో నెలలో, ఒకరు ఆరో నెలలో పోయారట. అప్పట్లో "ఒంట్లో వేడి" అన్నారట. 33 ఏళ్లలో ఈ మాట నా దగ్గర ఎత్తనే లేదు.

నిన్న హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టరు) దగ్గరికి వెళ్లాం. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. 12 వారాలు ఆగి మళ్లీ చేస్తేగానీ ఖాయంగా చెప్పలేం, ఇన్‌ఫెక్షన్ వల్ల కొన్నాళ్లు వచ్చి పోయేది కూడా ఉంటుంది అన్నారు. ఆపరేషన్‌లో రక్తం కారుతుందన్న భయం కన్నా, తర్వాత కాళ్లలో గడ్డలు కట్టకుండా చూసుకోవడమే ముఖ్యమట. సర్జన్ గారికి ఉత్తరం రాసిచ్చారు.

ల్యాబ్ బాబాయ్, గుంటూరు:
గొట్టం విషయంలో నా లెక్క తప్పింది, పోనీలే. ఒక పని చేయి. ఆ ఉత్తరం జిరాక్స్ ఫైల్ పైనే కనబడేలా పెట్టు. రేపెప్పుడైనా అమ్మకి హెపారిన్ డ్రిప్ పెట్టాల్సి వస్తే, ఏపీటీటీ చూసే డోసు సరిచేస్తారు చాలా చోట్ల. మీ అమ్మకి మందు ఎక్కకముందే 49 ఉంది కదా, ఆ అంకె చూసి డోసు సరిపోయిందనుకుంటారు. హెపారిన్ ఎంత పనిచేస్తోందో నేరుగా కొలిచే యాంటీ-టెన్ఏ పరీక్షతో చూడమని డ్యూటీ డాక్టరుకి నువ్వే గుర్తుచేయాలి.