గడుల తెలుగు ఫాంటులో ప, వ తేడా నిలబెట్టేదెలా?

పాత వీడియో గేముల తెర మీది అక్షరాల్లా చదరాలతో కట్టే బొద్దు తెలుగు ఫాంటు, శీర్షికల కోసం చేస్తున్నాను. ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్‌లో ఎమ్ (అక్షరాల కొలతకు ఆధారమైన చదరం) 1024 యూనిట్లు, గడి 64, గీత మందం రెండు గడులు.

అసలు చిక్కు తలకట్టు దగ్గరే. ప తలకట్టు కింద ఒక గడి ఖాళీ 16, 32 పిక్సెళ్ల సైజుల్లో చక్కగా కనిపిస్తుంది. 12, 20లో మసకబారి అక్షరం వ అయిపోతోంది. రెండు గడులు వదిలితే ఒళ్లు కుదించాలి, అప్పుడు ష లోపలి గీతకు చోటుండదు. గీతను 96 యూనిట్లకు, అంటే గడిన్నరకు తగ్గిస్తే అంచులు గడిలో కూర్చోవు. తలకట్టును మాత్రం ఒక గడి మందానికి తగ్గిస్తే బొద్దుదనం చెడుతుందా? చదవగలగడమే ముఖ్యం కాబట్టి మొగ్గు అటే.

ఇంకొకటి: ‘స్త్రీ’లో కింది వత్తు విండోస్‌లో తెగుతోంది. విన్ డిసెంట్ (విండోస్‌లో అక్షరం కింద ఎంత మేర కనిపించాలో చెప్పే కొలత) పెంచితే వరుసల ఎడం పెరిగిపోతోంది. ర వత్తును ఎడమకు జరిపిన విడి రూపం చేసి బిఎల్‌డబ్ల్యుఎస్ (కింది వత్తుల రూపాలు మార్చే) ఓపెన్‌టైప్ ఫీచర్‌లో పెట్టినవాళ్లుంటే నియమం ఎలా రాశారో చెప్పండి.